ఐదారొందల బ్లూటూత్ స్కానర్: సెకండ్‌హ్యాండ్ డీజిల్ బండికి కొనొచ్చా?

తీర్పు ముందే చెప్పేస్తాం. 12 వోల్టుల పికప్పు, మినీ ట్రక్కు ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు, డబ్బు దండగ కాదు. 24 వోల్టుల లారీ వాళ్లు దీని జోలికే పోవద్దు. కొత్త పొగ నిబంధనల బీఎస్6 బండికి సగం పనే చేస్తుంది. డాష్‌బోర్డు మీద లైటు ఆర్పుకోవడానికే కొనేవాళ్లకు మాత్రం మేలు కన్నా కీడే ఎక్కువ.

వస్తువు అగ్గిపెట్టెకు కాస్త పెద్దది. స్టీరింగ్ కింద, బండి తన తప్పులు చెప్పుకోవడానికి ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌లో గుచ్చి, ఫోన్‌లో బ్లూటూత్ కలిపి, కార్ స్కానర్ లేదా టార్క్ లాంటి ఆప్ తెరిస్తే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, చెప్పేది కనబడుతుంది. పెయిరింగ్ పిన్ 1234, కాకపోతే 0000. డబ్బా మీద ఈఎల్ఎం327 అని రాసి ఉంటుంది కానీ ఆ పేరుతో అసలు చిప్పు చేసిన కెనడా కంపెనీ 2022లోనే మూతపడింది. ఇప్పుడు ఐదారొందలకు దొరికేవన్నీ నకళ్లే. అందుకని వర్షన్ 1.5, వర్షన్ 2.1 అని పైన రాసినదాన్ని పట్టించుకోవద్దు. కొన్న రోజే బండికి పెట్టి చూసి, కనెక్ట్ కాకపోతే వాపసు ఇచ్చేయడమే మార్గం. ఐఫోన్ ఉన్నవాళ్లు మామూలు బ్లూటూత్ రకం తీసుకోవద్దు, కలవదు. వైఫై రకం గానీ, బీఎల్ఈ (తక్కువ కరెంటు బ్లూటూత్) అని స్పష్టంగా రాసినది గానీ తీసుకోవాలి.

కనెక్ట్ కాకపోతే తప్పంతా స్కానర్‌దే అనుకోనక్కర్లేదు. సెకండ్‌హ్యాండ్ బండ్లలో పాటల సెట్టుకు, ఎల్ఈడీ లైట్లకు ఎవరో ఎక్కడో కరెంటు లాగి ఉంటారు, ఫ్యూజు పోయి ఉంటుంది. మల్టీమీటరు పెట్టి 16వ పిన్నుకు, 4వ పిన్నుకు మధ్య చూడండి: బ్యాటరీ వోల్టేజీ అంతా రావాలి. రాకపోతే ఫ్యూజు, వచ్చినా కలవకపోతే బ్యాటరీ వైరు తీసేసి 6కు, 14కు మధ్య ఓమ్స్ కొలవండి. క్యాన్ లైను, అంటే బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే రెండు వైర్లు, బాగుంటే 60 ఓమ్స్ చుట్టుపక్కల చూపిస్తుంది. 120 చూపిస్తే ఒక కొస తెగినట్టు. సున్నా దగ్గర ఉంటే రెండు వైర్లూ ఎక్కడో కలిసిపోయినట్టు. ఒంటి వైరు మీద మాట్లాడే పాత కె-లైన్ బండ్లలో ఈ లెక్క పనిచేయదు. అక్కడ 7వ పిన్ను వాడతారు, చవక స్కానర్లలో కొన్నింటికి ఆ సర్క్యూటే ఉండదు.

ఇక అసలు విషయం. ఇంజిన్ లైటు వెలగగానే ఆప్ తెరిచి కోడు చూసి, కింద ఎర్రగా కనబడే డిలీట్ బటన్ నొక్కేస్తున్నారు. లైటు ఆరిపోతుంది, రెండ్రోజులకు మళ్లీ వస్తుంది. ఆ బటన్ నొక్కినప్పుడు కోడుతో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. తప్పు పట్టుకున్న క్షణంలో ఆర్‌పీఎం ఎంత, స్పీడు ఎంత, ఇంజిన్ మీద లోడు ఎంత శాతం, నీళ్ల వేడి ఎంత అనేది ఈసీయూ రాసి పెట్టుకునే పట్టీ అది. ఐదొందల వస్తువులో ఐదు వేల విలువ చేసేది అదొక్కటే. కోడు కనబడితే ముందు స్టోర్డ్ (ఖాయమైన తప్పులు), తర్వాత పెండింగ్ (ఇంకా ఖాయం కానివి), ఆ తర్వాత ఫ్రీజ్ ఫ్రేమ్, మూడూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. డిలీట్ సంగతి రిపేరు అయ్యాకే.

రిపేరు నిజంగా కుదిరితే డిలీట్ నొక్కకపోయినా నష్టం లేదు. వరసగా మూడు డ్రైవింగ్ సైకిళ్లు (స్టార్ట్ చేసి, నడిపి, ఆపితే ఒక సైకిల్) తప్పు కనబడకపోతే లైటు దానంతటదే ఆరుతుంది. కోడు మాత్రం ఇంజిన్ చల్లబడి మళ్లీ వేడెక్కడం దాదాపు నలభై సార్లు జరిగేదాకా లోపల ఉంటుంది. లైటు తిరిగి రావడానికి కూడా లెక్క ఉంది: చాలా తప్పులకు ఈసీయూ మొదటిసారి పెండింగ్‌లో పెట్టి, వెంటనే వచ్చే రెండో సైకిల్‌లోనూ కనబడితేనే లైటు వేస్తుంది. డిలీట్ కొట్టి "రెండ్రోజులు బాగుంది" అంటే అందులో బాగు ఏమీ లేదు, లెక్క మొదటికొచ్చింది అంతే.

బండి కొనేటప్పుడు ఈ స్కానర్ చేసే ఉపకారం ఇంకా పెద్దది. ఆప్‌లో "కోడ్లు చెరిపాక తిరిగిన దూరం" అని ఒక రీడింగు ఉంటుంది, చాలా బండ్లు ఇస్తాయి. లక్షా నలభై వేలు తిరిగిన బండిలో అది పన్నెండు కిలోమీటర్లు చూపిస్తే ఆ పొద్దునే ఎవరో చెరిపారని అర్థం. బ్యాటరీ తీసినా కొన్ని బండ్లలో ఇది సున్నా అవుతుంది, కాబట్టి వెంటనే అమ్మేవాడి మీద నింద వేయొద్దు. కానీ లోడుతో నలభై కిలోమీటర్లు తిప్పి, పెండింగ్ కోడ్లు మళ్లీ చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. "సెన్సార్ లైటే సార్, ఏం కాదు" అనే మాటకు బేరంలో విలువ కట్టొద్దు. అసలు స్కానర్ గుచ్చకముందే ఒక పరీక్ష ఉంది: కీ ఆన్ చేసి స్టార్ట్ చేయకుండా మీటరు చూడండి. ఇంజిన్ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. కీ ఆన్‌లో కూడా వెలగకపోతే ఆ లైటు కాలిపోయింది, లేదా పీకేశారు, లేదా వెనక నల్ల టేపు వేశారు.

లైవ్ రీడింగుల విషయానికొస్తే, చవక స్కానర్ నెమ్మదిగా చదువుతుంది. పది గేజీలు ఒకే స్క్రీన్ మీద పెడితే ఏదీ సరిగా కదలదు. మూడు నాలుగే పెట్టండి: బ్యాటరీ వోల్టేజీ, రైలు ప్రెషరు (ఇంజెక్టర్లకు డీజిల్ పంచే ఉక్కు గొట్టంలోని ఒత్తిడి), మ్యాప్ ప్రెషరు (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి), ఆర్‌పీఎం. మన దగ్గర ఒక సౌలభ్యం ఉంది. నెల్లూరు, ఒంగోలు సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న ఊళ్లు. కీ ఆన్ చేసి ఇంజిన్ ఆపి ఉంచినప్పుడు మ్యాప్ సెన్సార్ 100 కిలోపాస్కళ్ల దగ్గర చూపాలి, ఒకటి రెండు అటూ ఇటూ. 90 అనో 112 అనో చూపిస్తే సెన్సార్ మసి పట్టింది, లేదా దాని వైరింగులో తేడా ఉంది. టర్బోను అనుమానించడానికి ముందు చేయాల్సిన పరీక్ష ఇది, అర నిమిషం పని.

ఎక్కువగా వచ్చే కోడు పి0087, రైలు ప్రెషరు తక్కువ. బండి ఎత్తు ఎక్కుతుంటే పికప్ చచ్చిపోతుంది, లింప్ మోడ్‌లోకి (ఈసీయూ కావాలనే శక్తి తగ్గించే స్థితి) పోయి రేజు ఎక్కదు, ఆపి స్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే. ఇక్కడే ఫ్రీజ్ ఫ్రేమ్ డబ్బు మిగులుస్తుంది. లోడు 90 శాతం పైన, ఆర్‌పీఎం రెండు వేలు దాటి ఉన్నప్పుడు పడిన కోడయితే డీజిల్ అందడం లేదు: ఫిల్టరు, ట్యాంకులో జల్లెడ, నలిగిన పైపు, గాలి లాగే జాయింటు. ఐడిలింగ్‌లోనో, సెల్ఫ్ కొట్టేటప్పుడో పడితే తయారైన ప్రెషరు ఎక్కడో కారిపోతోంది: ఇంజెక్టర్ రిటర్న్ (మిగిలిన డీజిల్ వెనక్కి వెళ్లే దారి), రైలు మీది వాల్వు. కామన్ రైలు బండి వేడెక్కి ఐడిలింగ్‌లో ఉంటే చాలావాటిలో 250 నుంచి 350 బార్ మధ్య ఉంటుంది. ఆప్ కిలోపాస్కళ్లలో చూపితే 30,000 అంటే 300 బార్. ఒక్కచోట నిలబడకుండా పైకీ కిందికీ ఊగుతుంటే కారణం లైనులో గాలి గానీ, పంపు మీద డీజిల్ కొలిచి వదిలే మీటరింగ్ వాల్వు గానీ.

పరీక్ష వరస ఇలా ఉండాలి. ముందు ఫిల్టరు కింది మర తిప్పి గాజు సీసాలోకి పావు లీటరు డీజిల్ దించి పది నిమిషాలు కదపకుండా పెట్టండి. అడుగున నీళ్లు తేరితే కనబడతాయి. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గట్టిగా పడతాయి కాబట్టి ఆ కాలంలో ఇది మొదటి పని. తర్వాత ఫిల్టరు మార్చి, ఫిల్టరుకూ పంపుకూ మధ్య ఒక జానెడు పారదర్శక హోసు వేసి ఇంజిన్ నడపండి. ఎయిర్ తీశాక కూడా బుడగలు ఆగకపోతే వెనక ఎక్కడో గాలి లాగుతోంది. ఎక్కడో తేలకపోతే ట్యాంకు లైను పక్కన పెట్టి, ఐదు లీటర్ల క్యానులో శుభ్రమైన డీజిల్ పోసి దాంట్లోంచి నేరుగా ఇవ్వండి. జబ్బు పోయిందంటే తప్పు ట్యాంకు నుంచి ఫిల్టరు దాకా ఉన్న లైనులోనే. పోకపోతే ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు తీసి ఒక్కోదానికి ఒక్కో సీసా కట్టి, వేడి ఇంజిన్‌ను మూడు నిమిషాలు ఐడిలింగ్‌లో నడపండి. మిగతా మూడింటి కన్నా ఒకటి రెట్టింపు నిండితే దొంగ దొరికినట్టే. పంపు విప్పడం వీటన్నిటి తర్వాత. రిటర్న్ పైపులు తీయొచ్చు కానీ ఇంజిన్ నడుస్తుండగా రైలు నుంచి ఇంజెక్టర్‌కు వెళ్లే ఉక్కు పైపు నట్టు వదులు చేయొద్దు. పాత పంపు బండ్లలో మిస్సింగ్ పట్టడానికి చేసే ఆ అలవాటు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. మూడొందల బార్ డీజిల్ చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది.

పి0299, అంటే టర్బో బూస్టు చాలకపోవడం, రెండో పెద్ద బాధ. టర్బో మార్చమనే సలహా తొందరగా వస్తుంది. పది బండ్లలో ఎక్కువ వాటికి ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) హోసు క్లాంపు కింద చీలడమే కారణం. చీమకుర్తి వైపు గ్రానైట్ తోలే బండ్లలో దాన్ని కళ్లతోనే పట్టొచ్చు: హోసు అంతా తెల్లటి దుమ్ము, చీలిన చోట మాత్రం ఆయిల్ ఆవిరి బయటికొచ్చి ఆ దుమ్మును తడిపి నల్లటి మరక చేస్తుంది. మరక మీద వేలితో వంచి చూస్తే చీలిక నోరు తెరుస్తుంది. అదే బండ్లలో ఎయిర్ ఫిల్టరును కంప్రెసర్ గాలితో బయటినుంచి కొట్టి దుమ్మును లోపలికి దిగ్గొడుతుంటారు. లోపలినుంచి బయటికి కొట్టాలి, గన్ను కాగితానికి ఆనించకుండా.

రొయ్యల బండ్ల సంగతి వేరే. ఇందుకూరుపేట, ముత్తుకూరు, కొత్తపట్నం తీరం వెంబడి తిరిగే పికప్పుల్లో కోడ్లు ఒక పద్ధతిలో రావు. ఇవాళ ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు), రేపు రైలు సెన్సార్, ఎల్లుండి యాక్సిలేటర్ పెడల్. మూడు సెన్సార్లు ఒకేసారి చచ్చిపోవు. ట్రేల్లో ఐసు కరిగి, ఉప్పు నీళ్లు బాడీ సందుల్లోంచి ఛాసిస్ మీది వైరింగు కట్ట మీదికి కారుతాయి. కనెక్టర్ విప్పితే పిన్నుల మొదట్లో పచ్చటి తుప్పు, రబ్బరు సీలు చుట్టూ తెల్లటి ఉప్పు కనబడతాయి. వైరును వేళ్ల మధ్య నలిపితే కొన్నిచోట్ల తొడుగు ఉబ్బి మెత్తగా తగులుతుంది. అక్కడ కోస్తే లోపల రాగి నల్లగా పొడి అయిపోయి ఉంటుంది. స్ప్రే కొట్టి ఊరుకుంటే లాభం లేదు. ఎర్రటి రాగి కనబడేదాకా వెనక్కి కోసి, అతికి, సోల్డర్ చేసి, గమ్ము ఉండే హీట్ ష్రింక్ గొట్టం వేయాలి. పిన్నులకు కాంటాక్ట్ క్లీనర్, ఆరాక డైఎలక్ట్రిక్ గ్రీజు. ఇంజిన్ ఆన్‌లో లైవ్ రీడింగు చూస్తూ ఒకరు కట్టను జానెడు జానెడు కదుపుతుంటే, ఏ చోట అంకె గెంతుతుందో అక్కడే తెగుదల. ఈ పనికి ఐదొందల స్కానర్ లక్ష రూపాయల దానికి తీసిపోదు.

పొంతన లేని కోడ్లు గుంపుగా వస్తే ఏ సెన్సారూ కొనకముందు మూడు కొలతలు తీసుకోవాలి. బ్యాటరీ: రాత్రంతా ఆగిన బండికి 12.4 పైన, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా పడకూడదు, స్టార్ట్ అయ్యాక 13.8 నుంచి 14.5 మధ్య. ఎర్తు: మీటరు ఒక కొస బ్యాటరీ నెగిటివ్ కొమ్ముకు, రెండోది ఇంజిన్ బ్లాకుకు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్తు పట్టీ విప్పి గరుకు కాగితంతో రుద్దాల్సిందే. మూడోది సెన్సార్లకు ఈసీయూ పంపే 5 వోల్టులు. ఏదో ఒక సెన్సార్ లోపల షార్టయితే ఆ లైను మీద ఉన్న మిగతావన్నీ తప్పుడు రీడింగులిస్తాయి. ఒక్కో కనెక్టర్ పీకుతూ పోతే, ఏది పీకినప్పుడు 5 వోల్టులు తిరిగి వచ్చాయో అదే చెడ్డది. కోడు సెన్సార్ పేరు చెప్పిందంటే ఆ సర్క్యూట్లో తేడా ఉందనే, ఆ సెన్సార్ మార్చమని కాదు. వడ్ల మిల్లు షెడ్లలో రాత్రి ఆపే బండ్లకు ఎలుకలు వైర్లు కొరకడం మరొకటి, అది చెప్పేదేముంది.

ఇక స్కానర్ చేతులెత్తేసే చోట్లు. పి1తో మొదలయ్యే కోడ్లు కంపెనీ కంపెనీకి వేరు. చవక ఆప్‌లు ఏదో ఒక విదేశీ కారు అర్థం తెచ్చి చూపిస్తాయి, దాన్ని నమ్మి సామాను కొంటే అంతే. ఏబీఎస్ లాంటివి చాలా బండ్లలో కనబడవు. ఇంజెక్టర్ మార్చాక దాని తలమీద చెక్కిన కోడు ఈసీయూలోకి ఎక్కించాలి, ఈజీఆర్ శుభ్రం చేశాక కొన్ని బండ్లకు దాని మూత స్థానం మళ్లీ నేర్పాలి. ఇవి దీనితో కావు, ఆటోనగర్‌లో మల్టీబ్రాండ్ స్కానర్ ఉన్న షాపుకో, కంపెనీ వర్క్‌షాపుకో వెళ్లాల్సిందే. వెళ్లేటప్పుడు ఆ స్క్రీన్‌షాట్లు చూపించండి.

బీఎస్6 బండ్లలో పొగలోని మసి పట్టే ఫిల్టరు డీపీఎఫ్. దాని కోడు పి2463 వస్తే, మసి నిండిందని. ఆ మసి కాలాలంటే సైలెన్సర్‌లో దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టాలి. చెరువు నుంచి ఐసు ప్లాంటు దాకా నాలుగు కిలోమీటర్లు తిరుగుతూ, గట్టు మీద ఇంజిన్ ఆపకుండా గంటలు నిలబడే బండికి అది ఎన్నటికీ కుదరదు. నెల్లూరు, కావలి మధ్య హైవే మీద కింది గేరులో రెండు వేలకు పైన ఆర్‌పీఎం పెట్టి అరగంట ఆపకుండా నడిపితే చాలావాటికి దారి దొరుకుతుంది, డీపీఎఫ్ లైటు కొత్తగా వెలిగినప్పుడు. ఆలస్యమైతే కంపెనీ స్కానర్‌తో బలవంతంగా కాల్చాలి. మధ్యలో ఇంజిన్ ఆపేస్తూ పోతే కాలని డీజిల్ ఆయిల్‌లో కలిసి డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంది. మట్టం పెరిగింది కదా అని సంతోషించకుండా ఆయిల్ మార్చండి, బండి పుస్తకంలో చెప్పిన రకం చూసి. డీపీఎఫ్ పాడైందని తేల్చకముందు దాని ప్రెషరు సెన్సార్ రబ్బరు పైపులు చూడాలి: ఇంజిన్ ఆపి కీ ఆన్ చేస్తే ఫిల్టరుకు ముందూ వెనకా ప్రెషరు తేడా సున్నా రావాలి, రాకపోతే సెన్సార్‌దే తప్పు. డీపీఎఫ్ కోసి ఖాళీ గొట్టం వేయించి, ఈసీయూలో లైటు రాకుండా చేయించుకోమని చెప్పేవాళ్లున్నారు. అది చట్టానికి విరుద్ధం, ఆ బండిని మళ్లీ అమ్మబోయినప్పుడు తెలిసినవాడు ఒక్క నిమిషంలో పట్టేస్తాడు.

24 వోల్టుల లారీలకు ఎందుకు వద్దన్నామంటే, సాకెట్ అదే ఆకారంలో ఉన్నా చవక స్కానర్లలో చాలావాటి లోపలి వోల్టేజీ రెగ్యులేటర్ 12 వోల్టుల కోసం చేసింది, కాలిపోవచ్చు. పైగా పెద్ద లారీలు మాట్లాడే జె1939 భాష ఈ ఆప్‌లలో చాలావాటికి అర్థం కాదు.

నాణ్యత విషయంలో కొనేవాళ్లు చూడాల్సింది ప్లాస్టిక్ గట్టిదనం కాదు, పిన్నులు. కొన్నింటిలో పిన్నులు లావుగా ఉండి సాకెట్ క్లిప్పులను వెడల్పు చేసేస్తాయి, తర్వాత వర్క్‌షాపు కేబులు వదులుగా కూర్చుంటుంది. తోసి పెట్టొద్దు, ఊపి తీయొద్దు. కీ ఆపినా 16వ పిన్నులో కరెంటు ఉంటుంది కాబట్టి ఇది కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది. 40 మిల్లీ ఆంపియర్లు అనుకున్నా రోజుకు దాదాపు ఒక ఆంపియర్-అవర్. బలహీనమైన బ్యాటరీ ఉన్న బండిని వారం పాటు ఇలాగే వదిలేస్తే సెల్ఫ్ మూలుగుతుంది. పైగా 1234 పిన్‌తో పక్కనున్న ఎవరి ఫోన్ అయినా కలిసిపోతుంది. చూడటం అయ్యాక పీకి డాష్‌బోర్డు అరలో పెట్టుకోండి.